ముసలి కుక్కకు లిఫ్ట్ హార్నెస్: వాడుతున్నాను కాబట్టి చెప్తున్నాను

ఎవరో వదిలేసిన ముసలి కుక్కను ఇంటికి తెచ్చుకున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను వాడుతున్నది రెండు ముక్కల హార్నెస్. ఒకటి ఛాతీ చుట్టూ, ఇంకొకటి నడుము, తొడల చుట్టూ వస్తుంది. రెంటికీ వీపు మీద హ్యాండిల్ ఉంటుంది, మధ్యలో కలిపే పట్టీ ఉంటుంది. తనంతట తాను లేవలేని కుక్కను నిలబెట్టడానికి, నడుస్తున్నప్పుడు దాని బరువు కొంత మన చేతిలోకి తీసుకోవడానికి చేసిన వస్తువు.

మా వాడి పేరు తాత. మూతంతా తెల్లబడిపోయిన వాడికి ఇంకో పేరు తోచలేదు. దొరికినప్పుడు మెడకున్న తాడు ఉండకట్టిన బొచ్చులో కూరుకుపోయి ఉంది. గోళ్లు వంకర తిరిగి పెరగడంతో పాదం నేలకు సరిగ్గా ఆనేది కాదు. గట్టి నేల మీదే ఏళ్ల తరబడి పడుకున్నాడేమో, మోచేతుల దగ్గర చర్మం కాయ కాసింది. వెనక తొడల్లో కండ అనేదే లేదు. లేవబోయేవాడు, కాళ్లు పక్కలకు జారిపోయేవి, కూలబడేవాడు. పడుకున్న చోటే మూత్రం పోయేది. అప్పుడు వాడు తల అటు తిప్పేసుకునేవాడు. అది చూసి తట్టుకోవడం నా వల్ల కాలేదు.

హార్నెస్ కొనేముందు డాక్టర్‌కు చూపించాం, మీరూ అలాగే చేయండి. వెనక కాళ్లు లేవకపోవడానికి కీళ్ల అరుగుదల ఒక్కటే కారణం కానక్కర్లేదు. వెన్నులో డిస్క్ జారినా, నరాలు దెబ్బతిన్నా, ఒట్టి ఆకలి నీరసమైనా పైకి ఇంచుమించు ఒకేలా కనిపిస్తుంది. వెన్ను దెబ్బతిన్న కుక్కను తెలియక పట్టి లేపితే ఉన్నది ఇంకా చెడుతుంది. తాతకు తుంటి కీళ్లు అరిగాయి, పైగా కండ కరిగింది. రక్త పరీక్షలో కిడ్నీలు, లివర్ ఎలా ఉన్నాయో చూశాకే నొప్పికి మెలాక్సికామ్ రాశారు. మనం వేసుకునే ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు జాలితో కూడా వేయకండి, అవి కుక్క కడుపులో పుండ్లు చేసి కిడ్నీలను పాడుచేస్తాయి. బాగా ఎండిపోయిన కుక్కకు మొదటిరోజే కడుపునిండా పెట్టడం కూడా ప్రమాదమే. రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు పెట్టాలి. హార్నెస్ సమీక్షలో ఇదెందుకంటే, ఒంట్లోకి కాస్త శక్తి రాకుండా ఏ హార్నెస్ వేసినా కుక్క నడవదు.

ఇక వస్తువు సంగతి. కడుపు కింద టవల్ వేసి లేపమని చాలామంది చెప్తారు. అవసరానికి పర్వాలేదు గానీ, టవల్ సరిగ్గా మూత్రాశయం మీద నొక్కుతుంది, నాలుగడుగులు వేసేసరికి ముందుకు జారుతుంది. హార్నెస్‌లో బరువు తుంటి కింద, తొడల మీద పడుతుంది కాబట్టి కుక్క తన కాళ్లను తాను కదపగలుగుతుంది. మనం చేయాల్సిందల్లా హ్యాండిల్‌ను కొద్దిగా, వీపు సమంగా ఉండేంతవరకే పైకి పట్టడం. పాదాలు గాల్లోకి లేస్తే ఎక్కువ ఎత్తినట్టు. పాదం నేలకు తగులుతుంటేనే ఆ కాళ్లకు పని, పని ఉంటేనే కండ.

తాత మొదటిసారి బయటికి వెళ్లి నిలబడి మూత్రం పోశాడు. తర్వాత చాలాసేపు గోడ వాసన చూస్తూ ఉండిపోయాడు. నా చెయ్యి నొప్పెట్టినా కదపలేదు. ఆ తర్వాత పరుపు తడవడం బాగా తగ్గింది. నేను హార్నెస్ చేతిలోకి తీసుకుంటే చాలు, వాడి తోక నేలకేసి కొట్టుకుంటుంది. ఈ ఒక్క మార్పు కోసమైనా నేను దీన్ని మళ్లీ కొంటాను.

ఇబ్బందులూ ఉన్నాయి. నేను మొదట తెప్పించిన దానికి వెల్‌క్రో పట్టీలు. చర్రుమని ఊడదీసిన ప్రతిసారీ తాత వణికిపోయేవాడు. ఏం దెబ్బలు తిని వచ్చాడో మనకు తెలియదు కదా. బకిల్స్ ఉన్నదానికి మార్చుకున్నాక ఆ భయం పోయింది. వదిలేసిన కుక్కలకు బకిల్స్ ఉన్నదే తీసుకోండి, వెల్‌క్రోలో బొచ్చు కూడా చిక్కుకుంటుంది. తాతకు వినికిడి తక్కువ, కళ్లలో నీలంగా మసక ఉంది. వెనకనుంచి హ్యాండిల్ పట్టుకుంటే ఉలిక్కిపడతాడు. ముందు ఎదురుగా వెళ్లి, చెయ్యి వాసన చూపించి, ఆ తర్వాతే పట్టుకుంటాను.

సైజు బరువును బట్టి ఎంచుకోకండి. ఇలాంటి కుక్క ఎముకలు పెద్దవిగా, ఒళ్లు చిన్నదిగా ఉంటుంది. ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, వెనక కాళ్ల ముందు నడుము చుట్టుకొలత టేపుతో కొలవండి. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. ఒళ్లు చేసేకొద్దీ పట్టీలు సర్దాలి. చంకల్లో, గజ్జల్లో ఎర్రబడిందేమో రోజూ చూడాలి. పడుకునేటప్పుడు తప్పకుండా తీసేయాలి. ముసలి చర్మం పలచన, రాపిడికి తొందరగా పుండు పడుతుంది.

నాకు అస్సలు నచ్చనిది గజ్జల దగ్గరి పట్టీ. మగ కుక్కకు అది సరిగ్గా మూత్రం వచ్చే చోటికే జరిగి తడిసిపోతుంది. రోజూ ఉతకాల్సి వస్తోంది, అది ఆరేలోపు వాడడానికి ఇంకో వెనక ముక్క కొనక తప్పలేదు. మగ కుక్కలకు వేరే ఆకారంలో కుట్టినవి దొరుకుతాయి, ముందే అడిగి తీసుకోండి.

వెనక కాళ్లు పూర్తిగా చచ్చుబడిన కుక్కకు ఇది చాలదు, చక్రాల బండి గురించి డాక్టర్‌తో మాట్లాడాలి. లేచాక బాగానే నడుస్తూ నున్నటి నేల మీద మాత్రమే జారే కుక్కకు ఇది అక్కర్లేదు, జారని మ్యాట్లు పరిచి, గోళ్లు కత్తిరిస్తే సరిపోతుంది. మధ్యలో ఉన్న కుక్కలకు, అంటే లేవడానికి సాయం కావాలి గానీ లేచాక నాలుగడుగులు వేయాలని ఆశ ఉన్నవాటికి, ఐదుకు నాలుగు మార్కులిస్తాను. ఒకటి తగ్గించింది ఆ గజ్జల పట్టీకే.