వేలంలో పాడుకున్న వారం: అమెరికా టైమ్‌షేర్ బసలతో మా అనుభవం

ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రులను, పిల్లలను వెంటబెట్టుకొని అమెరికాలో వారం రోజుల యాత్రకు బయలుదేరే కుటుంబానికి బస పెద్ద ఖర్చు. హోటల్లో పక్కపక్కనే రెండు గదులు దొరకాలి. దొరికినా వంటిల్లు ఉండదు. బయటి తిండి రెండు రోజులు దాటితే పెద్దవారికి పడదు. ఈ ఇబ్బందికి మాకు కుదిరిన పరిష్కారం టైమ్‌షేర్ రిసార్టులలోని (అంటే ఒకే ఇంటిని ఏటా ఒక్కో వారం చొప్పున పలువురు కొనుక్కొని పంచుకునే రిసార్టులు) రెండు పడకగదుల ఇళ్ళు. వాటి యజమానులు ఈబే వంటి సైట్లలో తమ వారాన్ని వేలానికి పెట్టినప్పుడు పాడుకొని, ఓర్లాండో (ఫ్లోరిడా), విలియమ్స్‌బర్గ్ (వర్జీనియా), స్మోకీ పర్వతాలు (టెన్నెసీ) మూడు చోట్లా బస చేశాం. మూడు చోట్లా లాభం ఒకేలా లేదు.

ధర ఎందుకు తగ్గుతుందో తెలిస్తేనే ఎంతవరకు పాడవచ్చో తెలుస్తుంది. టైమ్‌షేర్ యజమాని ఆ ఏడాది రిసార్టుకు వెళ్ళినా వెళ్ళకపోయినా నిర్వహణ రుసుము కట్టవలసిందే. వారం గడిచిపోతే ఆ గదికి విలువ లేదు గనుక, వెళ్ళలేని యజమాని కట్టిన రుసుములో కొంతైనా రాబట్టుకోవాలని దాన్ని వేలానికి పెడతారు. తేదీ దగ్గరపడేకొద్దీ ధర దిగడానికి కారణం ఇదే. కాబట్టి బడి సెలవులకు కట్టుబడనవసరం లేని వారికే దీనివల్ల నిజమైన ఆదా. క్రిస్మస్, ఈస్టర్ వారాలకు వేలంలోనూ పోటీ ఎక్కువ.

వెతికేటప్పుడు మొదట గమనించవలసింది, అమ్మకానికి ఉన్నది ఏమిటన్నది. ఒక్క డాలరుకే టైమ్‌షేర్ అని కనిపించేవి సాధారణంగా వారం రోజుల అద్దెకు కాదు, యాజమాన్య హక్కు బదిలీకి పెట్టినవి. దాన్ని తీసుకున్నవారికి ఏటేటా పెరిగే నిర్వహణ రుసుము కూడా సంక్రమిస్తుంది. మనకు కావలసింది ఫలానా రిసార్టు, ఫలానా తేదీలు, ఎన్ని పడకగదులు అని స్పష్టంగా రాసిన అద్దె ప్రకటన మాత్రమే.

రెండవది, ఆ వారం అమ్మేవారి సొంతమా, లేక మార్పిడి సంస్థ ద్వారా వచ్చినదా అన్నది. ఆర్‌సీఐ వంటి సంస్థలలో ఒక సభ్యుడు తన వారాన్ని జమచేసి, బదులుగా మరో రిసార్టులో వారం పొందుతాడు. దాన్ని గెస్ట్ సర్టిఫికెట్ (అతిథి పేరిట బసకు ఇచ్చే పత్రం) తీసుకొని బంధుమిత్రులకు ఇవ్వవచ్చును గాని, అద్దెకు అమ్ముకోవడానికి ఆ సంస్థ నియమాలు ఒప్పుకోవు. అటువంటి బుకింగ్ రద్దయితే, సామానుతో లాబీలో నిలబడవలసింది మనమే. అందుకే పాట పాడకముందే యజమానిని ఈ సంగతి అడిగి, సూటిగా జవాబు చెప్పనివారిని, ధర ఎంత ఆకర్షణీయంగా ఉన్నా, వదిలేస్తాం.

పాడే పద్ధతి తేలికే. మనం ఇవ్వగలిగిన గరిష్ఠ మొత్తాన్ని ఒకసారి నమోదు చేస్తే, ఎదుటివారి పాటను బట్టి సైటే మన తరఫున కొద్దికొద్దిగా పెంచుతూ పోతుంది. ఆ మొత్తాన్ని ముందే నిర్ణయించుకోవాలి, అదీ అదే వారానికి రిసార్టు సొంత సైట్లో పన్నులతో కలిపి ఎంత ఉందో చూసిన తరువాతే. పాట ధరకు పైన అతిథి పేరు నమోదు రుసుము, కొన్నిచోట్ల రోజువారీ రిసార్టు రుసుము, పార్కింగు ఉంటాయి. అన్నీ కలిపి చూస్తే పాట గెలిచినా లాభం మిగలని సందర్భాలు తక్కువేమీ కాదు.

డబ్బు క్రెడిట్ కార్డు ద్వారానే చెల్లించాలి. కార్డు బిల్లులోని తప్పుపై రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పడానికి అమెరికా చట్టం ఇచ్చే గడువు, ఆ బిల్లు పంపిన నాటి నుంచి 60 రోజులు. ఆరు నెలల తరువాతి యాత్రకు ఈ రోజే డబ్బు కట్టేవారు ఈ గడువును మరవకూడదు. కట్టిన వెంటనే మన పేరు మీద కన్ఫర్మేషన్ తెప్పించుకొని, రిసార్టుకు మనమే ఫోన్ చేసి సరిచూసుకోవాలి. ఆ ఫోన్ నంబరు అమ్మినవారు ఇచ్చినది కాక, రిసార్టు సైట్లోనిదై ఉండాలి.

ఓర్లాండోలో ఈ పద్ధతి అన్నివిధాలా కలిసివచ్చింది. కిస్సిమీ నుంచి డిస్నీ చుట్టుపక్కల వరకు టైమ్‌షేర్ రిసార్టులు లెక్కకు మించి ఉండటంతో ఖాళీ వారాలూ ఎక్కువే. పూర్తి వంటిల్లు, బట్టలు ఉతికే యంత్రం, పెద్దవారికి విడిగా గది, స్నానాలగది దొరికాయి. పొద్దున పెసరట్లు తిని, మధ్యాహ్నానికి పులిహోర కట్టుకొని పార్కుకు వెళ్ళాం. మా అమ్మగారు అలసిన రోజున ఇంటి పట్టునే ఉండి కొలను ఒడ్డున కూర్చోగలిగారు. ఓర్లాండోకు ఉత్తరాన క్యాసెల్‌బెర్రీలో ఉన్న హిందూ దేవాలయానికి ఒక సాయంత్రం వెళ్ళివచ్చాం. సెప్టెంబరులో ధరలు బాగా దిగుతాయి గాని అది తుపానుల కాలం. వేలంలో కొన్న వారానికి డబ్బు వెనక్కు రావడం అరుదు కాబట్టి మేము జనవరి చివరి వారాలనే ఎంచుకుంటాం.

విలియమ్స్‌బర్గ్ పెద్దవారికి మరింత నచ్చింది. 1607లో ఆంగ్లేయులు స్థిరపడిన జేమ్స్‌టౌన్, 1781లో బ్రిటిష్ సైన్యం లొంగిపోయిన యార్క్‌టౌన్, వాటి మధ్య ఈ పట్నం, మూడింటినీ కలిపే 23 మైళ్ళ కొలోనియల్ పార్క్‌వే ఉండటంతో బస మార్చకుండానే అన్నీ చూడవచ్చు. ఇక్కడ వేలంలో పోటీ తక్కువ; చలికాలపు వారాలు మరీ చౌక. ఆరుబయట తిరగవలసిన ఊరు కనుక వసంతమో, శరత్తో మేలు.

స్మోకీలకు మాత్రం వేలం అంతగా అక్కరకు రాలేదు. సెవియర్‌విల్, పిజన్ ఫోర్జ్ పరిసరాలలో అద్దె క్యాబిన్లు విస్తారంగా ఉన్నందున నేరుగా బుక్ చేసుకున్నా ధరలో పెద్ద తేడా కనిపించలేదు, పైగా రద్దు చేసుకునే వీలుంటుంది. ఆకులు రంగు మారే అక్టోబరు వారాలకు ఎలాగూ తగ్గింపు దొరకదు. స్మోకీ పర్వతాల జాతీయ పార్కులో ప్రవేశ రుసుము లేకపోయినా, 2023 నుంచి 15 నిమిషాలకు మించి కారు ఆపితే రోజుకు 5 డాలర్ల పార్కింగ్ ట్యాగ్ తీసుకోవాలి. అక్కడి కువోహి (పాత పేరు క్లింగ్‌మన్స్ డోమ్) శిఖరం మీద చుట్టూ చూడటానికి కట్టిన గోపురానికి వెళ్ళే అర మైలు బాట నిట్టనిలువుగా ఉంటుంది, మోకాళ్ళ నొప్పులున్నవారిని తీసుకువెళ్ళకండి.

ఒక రిసార్టులో చెక్-ఇన్ కాగానే పార్కింగ్ పాస్ కోసమని పక్క బల్ల దగ్గరకు పంపారు. అక్కడ కానుక ఇస్తామంటూ, టైమ్‌షేర్ అమ్మడానికి చేసే గంటన్నర ప్రసంగానికి మా అత్తమామలను కూడా రమ్మన్నారు. వెళ్ళితీరాలన్న నియమం అద్దెకు వచ్చినవారికి లేదు, పాస్ మాత్రం ఇమ్మని మర్యాదగా అడిగితే ఇచ్చారు. ఎవరైనా మొహమాటానికి వెళ్ళి సంతకం పెట్టినా, ఫ్లోరిడాలో 10 రోజులలోగా, వర్జీనియాలో 7 రోజులలోగా ఆ కొనుగోలును రాతపూర్వకంగా రద్దు చేసుకునే హక్కు ఉంది. గడువు దాటకుండా, రసీదు దొరికే తపాలాలో ఉత్తరం పంపాలి.