మూత తెరిచినా నిద్ర లేవని ల్యాప్‌టాప్: రెండేళ్ల పైన వాడాక నా రివ్యూ

ఈ ల్యాప్‌టాప్ మీద నాకున్న పెద్ద కంప్లైంట్ స్లీప్ ఒక్కటే. కీబోర్డు బాగుంటుంది, 14 అంగుళాల స్క్రీన్ కళ్లకి హాయిగా ఉంటుంది, 16 జీబీ ర్యామ్ నా అకౌంట్స్ పనికి ఎప్పుడూ తక్కువ కాలేదు. కానీ మూత మూసి భోజనానికి వెళ్లొచ్చి తెరిస్తే ఒక్కోసారి కీబోర్డు లైటు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, స్క్రీన్ మాత్రం నల్లగానే ఉండిపోతుంది. జీఎస్టీ రిటర్నులు వేసే రోజుల్లో సేవ్ చేయని ఎక్సెల్ షీటు లోపల ఉండగా ఇలా జరిగితే ఎంత టెన్షనో పడ్డవాళ్లకే తెలుసు. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే వేరే కంపెనీల విండోస్ ల్యాప్‌టాప్‌లు వాడే మావాళ్ల దగ్గరా ఇదే తంతు చూశాను.

అలా అయినప్పుడు చాలామంది వెంటనే పవర్ బటన్ నొక్కి పట్టుకుంటారు. దయచేసి ఆగండి, ముందు క్యాప్స్ లాక్ నొక్కి చూడండి. దాని లైటు వెలిగి ఆరుతోందంటే మెషిన్ లేచే ఉంది, స్క్రీన్ ఒక్కటే రాలేదు. అప్పుడు విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి ఒకేసారి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్, అంటే స్క్రీన్ మీద బొమ్మని నడిపే సాఫ్ట్‌వేర్, రీసెట్ అవుతుంది, చిన్న బీప్ వినిపించి స్క్రీన్ వచ్చేస్తుంది, తెరిచి ఉన్న ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. నా షీట్లు చాలాసార్లు ఇలాగే దక్కాయి. బయటి మానిటర్ తగిలించి ఉంటే ఆ కేబుల్ ఓసారి పీకి చూడండి. క్యాప్స్ లాక్ లైటు కూడా కదలకపోతేనే పవర్ బటన్ పది సెకన్లు పట్టుకోవాలి, అప్పుడిక వేరే దారి లేదు.

ఇదంతా ఎందుకొస్తుందంటే, పాత ల్యాప్‌టాప్‌లలో ఎస్3 అనే స్లీప్ ఉండేది, అందులో ర్యామ్‌కి తప్ప దాదాపు దేనికీ కరెంటు వెళ్లదు. ఇప్పటివాటిలో చాలావరకు దాన్ని తీసేసి మోడర్న్ స్టాండ్‌బై పెట్టారు, అంటే ఫోన్ లాగా స్క్రీన్ ఆరిపోయినా మెషిన్ పూర్తిగా పడుకోదు, మధ్యమధ్యలో లేచి మెయిళ్లు, అప్‌డేట్లు చూసుకుంటుంది. గ్రాఫిక్స్, వైఫై ఇలా ప్రతి డ్రైవరూ సరిగ్గా తగ్గి సరిగ్గా లేవాలి, ఒక్కటి మొరాయించినా అంతా ఆగిపోతుంది. బ్యాగులో పెట్టిన ల్యాప్‌టాప్ వేడెక్కడం, పొద్దున్నకి బ్యాటరీ సగమవడం కూడా చాలాసార్లు దీనివల్లే. మీ మెషిన్‌లో ఏ స్లీప్ ఉందో చూడాలంటే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్ తర్వాత సి, ఎఫ్, జి అక్షరాలు కలిపి కొట్టి, స్పేస్ ఇచ్చి, స్లాష్, ఏ కొట్టండి. అందుబాటులో ఉన్నవాటి జాబితాలో (కింద వచ్చే లేనివాటి జాబితాలో కాదు) "S0 Low Power Idle" అని వస్తే ఈ కొత్త రకమే. రిజిస్ట్రీలో, అంటే విండోస్ లోపలి సెట్టింగుల పట్టికలో, మార్చుకుంటే ఎస్3 వచ్చేస్తుందని కొందరు చెబుతుంటారు, ఫర్మ్‌వేర్‌లోనే (మెషిన్‌లో కంపెనీ ఎక్కించిన మూల సాఫ్ట్‌వేర్‌లోనే) ఎస్3 లేని మెషిన్‌కి అలా చేస్తే ఉన్న స్లీప్ కూడా పోతుంది.

సర్వీస్ సెంటర్‌లో ఫార్మాట్ కొట్టమన్నారు, కొట్టించినా సమస్య మళ్లీ వచ్చింది. నిజంగా తేడా తెచ్చింది గ్రాఫిక్స్ డ్రైవర్. ల్యాప్‌టాప్ కంపెనీ సపోర్ట్ పేజీలో మన మోడల్‌కే ఇచ్చిన డ్రైవర్ వేశాక స్క్రీన్ నల్లగా ఉండిపోవడం బాగా తగ్గింది. తర్వాత బయోస్, అంటే ఆ ఫర్మ్‌వేర్, అప్‌డేట్ చేశాను. అది చేసే ముందు ఛార్జర్ పెట్టి ఉంచండి, బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) రికవరీ కీ ఎక్కడుందో చూసి రాసి పెట్టుకోండి, ఎందుకంటే అప్‌డేట్ అయ్యాక అది అడిగే అవకాశం ఉంది. ఫాస్ట్ స్టార్టప్ కూడా తీసేశాను. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా సిస్టమ్ పూర్తిగా కొత్తగా మొదలవదు, పాత డ్రైవర్ల స్థితే దాచుకుని మళ్లీ తెచ్చుకుంటుంది, రీస్టార్ట్ చేస్తేనే అంతా కొత్తగా లోడ్ అవుతుంది.

ఇక పూర్తిగా నిశ్చింత ఇచ్చింది మాత్రం హైబర్నేట్. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి, మూత మూస్తే స్లీప్ బదులు హైబర్నేట్ అయ్యేలా పెట్టుకున్నాను. ర్యామ్‌లో ఉన్నదంతా డిస్క్ మీద రాసి మెషిన్ నిజంగా ఆగిపోతుంది, బ్యాటరీ మొత్తం అయిపోయినా ఫైళ్లు పోవు, బ్యాగులో వేడెక్కదు. లేవడానికి స్లీప్ కంటే కాసేపు ఎక్కువ పడుతుంది, డిస్క్‌లో కొన్ని జీబీల చోటు తీసుకుంటుంది, నాకైతే ఆ రెండూ సమ్మతమే.

ఇంత ధర పెట్టి కొన్న వస్తువుకి మూత మూసి తెరవడం లాంటి పని కోసం ఇన్ని తిప్పలు పెట్టడం న్యాయం కాదు, అందుకే అయిదుకి మూడు స్టార్లే ఇస్తున్నాను. కొత్తది తీసుకునేవాళ్లు రిటర్న్ గడువు లోపలే ఆ కమాండ్ కొట్టి చూసుకోండి, ఒక రాత్రంతా మూత మూసి ఉంచి పొద్దున్నే బ్యాటరీ ఎంత తగ్గిందో, స్క్రీన్ వెంటనే వస్తోందో లేదో చూడండి, తేడా ఉంటే అప్పుడే తిరిగిచ్చేయండి.