రాజమహేంద్రవరంలో కాలినడకకు 35 ఎం.ఎం. ప్రైమ్ లెన్స్: కొన్నేళ్ల వాడుక తర్వాత

సెలవు దొరికిన రోజున కెమెరా భుజాన వేసుకుని రాజమహేంద్రవరం వీధుల్లో తిరిగేవారికి 35 ఎం.ఎం., ఎఫ్/1.8 (వెలుగు లోపలికి వచ్చే రంధ్రం, అంటే ఎపర్చర్, బాగా పెద్దగా తెరుచుకునే) ప్రైమ్ లెన్స్ (జూమ్ లేనిది) ఒక్కటి చాలునని, కొన్నేళ్లుగా ఏపీఎస్-సి (మధ్యస్థ పరిమాణపు సెన్సర్ ఉన్న) కెమెరాకు దీనినే బిగించి నడుస్తున్న అనుభవంతో చెప్పగలను. జూమ్ లేకపోవడం లోపమని చాలామంది అంటారు. ఈ ఊరికి సంబంధించినంతవరకు అదే దీని ప్రధాన గుణమని నా అభిప్రాయం. కెమెరాను నిలువుగా పట్టుకుంటే 3 మీటర్ల దూరంలోని మనిషి ఆపాదమస్తకం ఫ్రేములో పడతాడు. అంత దగ్గర నుంచి పలకరించకుండా ఫొటో తీయడం మర్యాద కాదు కనుక ముందు మాట కలుస్తుంది. “ఏ పేపరండీ?” అని వారడగడం, పేపరు కాదండీ, ఊరు చూడటానికి వచ్చానని చెప్పడం అయ్యాక తీసిన ఫొటోలో ముఖం బిగుసుకుపోయి ఉండదు.

ఊరు గోదావరికి తూర్పు గట్టున ఉండటం ఫొటోలు తీసేవారికి పెద్ద వరం. ఉదయం పుష్కర ఘాట్ మెట్ల మీద నిలబడితే సూర్యుడు మన వెనక నుంచి వస్తాడు. నీటిలో దిగి తూర్పు ముఖంగా అర్ఘ్యమిచ్చేవారి ముఖాల మీద, దోసిలి నుంచి జారే నీటి మీద వెలుగు నేరుగా పడుతుంది. సాయంత్రం కొవ్వూరు వైపు పొద్దు వాలుతుంటే అవే మెట్ల నుంచి మనుషులు, పడవలు నల్లని ఆకారాలుగా కనిపిస్తాయి.

కార్తీక మాసపు తెల్లవారుజాములో ఈ లెన్స్ విలువ పూర్తిగా తెలుస్తుంది. అరటి దొప్పలో దీపం వెలిగించి నీటిలోకి వదిలే స్త్రీ చేతులకు ఆ వత్తి వెలుగు తప్ప మరో ఆధారం ఉండదు. ఎఫ్/1.8, ఐఎస్ఓ (సెన్సర్ వెలుగుకు స్పందించే స్థాయి) 3200 పెట్టుకుంటే ఫ్లాష్ అవసరం రాదు. ఫ్లాష్ వేస్తే ఆ పసుపు వెలుగే చచ్చిపోతుంది. అయితే మీటరు దూరంలో స్పష్టత లోతు (ముందు వెనకల స్పష్టంగా వచ్చే మేర) సుమారు 6 సెంటీమీటర్లే ఉంటుంది. తడిసిన గాజులు, దొప్ప అంచును నెట్టే వేళ్లు స్పష్టంగా వస్తే ముఖం మసకబారుతుంది. నేను ఎప్పుడూ వేళ్లనే ఎంచుకుంటాను. కోటిలింగాల రేవులో పితృకర్మలు జరిగే చోట మాత్రం కెమెరా పైకెత్తను.

కోటగుమ్మం నుంచి మెయిన్ రోడ్డులోకి వచ్చాక పద్ధతి మారుతుంది. తోపుడుబండ్లు, ఆటోలు, కొనుగోలుదారుల మధ్య ఆటోఫోకస్ ఎవరిని పట్టుకోవాలో తేల్చుకోలేదు. అందుకని ఎఫ్/8 పెట్టి (రంధ్రాన్ని చిన్నది చేసి) ఫోకస్‌ను 3 మీటర్ల దగ్గర చేత్తో నిలిపేస్తాను. సుమారు 2 నుంచి 5 మీటర్ల మధ్య ఉన్నదంతా స్పష్టంగా వస్తుంది. మిట్టమధ్యాహ్నపు ఎండలో మంచి ఫొటో రాదు కాబట్టి, ఆ వేళ దామెర్ల రామారావు చిత్రశాలకు వెళ్లడం మేలు. ముప్ఫై ఏళ్లు నిండకుండానే 1925లో కన్నుమూసిన ఆయన చిత్రాల ముందు కాసేపు నిలబడితే, మనుషుల గుంపును ఒక చట్రంలో ఎలా అమర్చాలో కంటికి అలవాటవుతుంది.

వంతెనల దగ్గర ఈ లెన్స్ చేతులెత్తేస్తుంది. 1900లో మొదలై 1997 వరకు రైళ్లను మోసిన హేవ్‌లాక్ వంతెన పొడవు సుమారు 2.7 కిలోమీటర్లు, గట్టు మీద నుంచి అందులో కొన్ని స్తంభాలే ఫ్రేముకు అందుతాయి. పక్కనున్న ఆర్చీల వంతెనలో ఒక్కో ఆర్చీ సుమారు 97 మీటర్లు కనుక, ఒక్క ఆర్చీని ఎదురుగా పూర్తిగా పట్టాలన్నా దాదాపు 150 మీటర్లు వెనక్కి జరగాలి. నది మధ్యలోని నాటు పడవ చుక్కలా మిగులుతుంది. గోదావరి హారతి సమయంలో మంట నేరుగా ఎదురైతే ఫొటోలో వెలుగు మరకలు పడతాయి. హుడ్ (లెన్స్ ముందు తగిలించే తొడుగు) కొంత ఆపుతుంది గానీ పూర్తిగా కాదు.

డెల్టా తేమలో లెన్సులకు ఫంగస్ భయం ఎక్కువ, ముఖ్యంగా వానాకాలంలో. ఇంటికి రాగానే మెత్తని గుడ్డతో తుడిచి, సిలికా జెల్ పొట్లాలు వేసిన బిగుతు మూత ప్లాస్టిక్ డబ్బాలో పెడుతున్నాను. ఇంతవరకు గాజు శుభ్రంగానే ఉంది. వాడిన లెన్స్ కొనేవారు ఎపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చి వేసి చూడాలి. లోపల సాలెగూడు లాంటి సన్నని తీగలు కనిపిస్తే ఎంత చవకైనా తీసుకోకూడదు.