గోడ పగిలింది, గదిలోకి మాత్రం రాలేదు

మా కంకర క్రషర్ నల్లగొండ నుంచి దేవరకొండ వెళ్లే దారిలో ఉంది. ఆఫీసు గది వెనక గోడకు పది అడుగుల దూరంలోనే కంప్రెసర్ షెడ్డు. అది ఎప్పుడైనా పేలితే కాపుగా ఉంటుందని, ఆరేళ్ల కిందట ఆ గోడకు లోపలివైపు పాలీయూరియా అనే రబ్బరులా సాగే ప్లాస్టిక్ పూత కొట్టించాను. అప్పట్లో నవ్విన మా బావమరిది, ఇప్పుడు తన గోదాముకు ఎంతవుతుందని అడుగుతున్నాడు.

ఇది గోడను గట్టిపరుస్తుందని చాలామంది అనుకుంటారు గానీ, గట్టిపరచదు. పేలుడు ఒత్తిడికి సిమెంటు ఇటుక పగలనే పగులుతుంది. ఆ ముక్కలు ఒడిసెల రాళ్లలా గదిలోకి దూసుకురాకుండా సాగే పొర ఒకటి పట్టి ఉంచుతుంది, అంతే. 1996లో సౌదీలోని ఖోబర్ టవర్స్ దగ్గర ట్రక్కు బాంబు పేలి 19 మంది అమెరికా వైమానిక దళ సిబ్బంది చనిపోయారు. ఆ తర్వాతి ఏళ్లలో ఆ దళం పరిశోధకులు ఫ్లోరిడాలోని టిండాల్ స్థావరంలో గోడలు కట్టి, ఈ తరహా పూత పూసి, పేల్చి చూశారు. ట్రక్కు తొట్టెలకు గీతలు పడకుండా కొట్టే పూతే మరి!

పని ఒక్క రోజులో అయింది. రెండు రసాయనాలు వేడి గొట్టాల్లో విడివిడిగా వచ్చి స్ప్రే గన్ను మూతి దగ్గర కలుస్తాయి, గోడను తాకిన కొన్ని క్షణాలకే గట్టిపడతాయి. ఆ తుంపరలో ఉండే ఐసోసయనేట్ ఊపిరితిత్తులకు చేటు కాబట్టి మమ్మల్ని బయటికి పంపేశారు. మొదటి పూత మీద గాజునార వస్త్రం బిగించి, దాని మీదుగా రెండోది కొట్టారు. మొత్తం నాలుగు మిల్లీమీటర్ల మందం. పూతను పైన స్లాబు మీదికీ కింద నేల మీదికీ జానెడు మేర మడిచి, ఇనుప పట్టీ వేసి బోల్టులు బిగిస్తామన్నారు. అది మానేసి ధర తగ్గించమన్నాను. మేస్త్రీ ఒప్పుకోలేదు. "అంచులు వదిలేస్తే దుప్పటి జారినట్టు గోడంతా మీద పడుతుంది సార్" అన్నాడు.

మూడో వేసవిలో, భోజనాల వేళ, కంప్రెసర్ గాలి ట్యాంకు పేలింది. గోడ నడుమ కుండ బొజ్జలా లోపలికి ఉబ్బింది. చేత్తో నొక్కితే పూత వెనక ఇటుక ముక్కలు గోనెసంచిలో పల్లికాయల్లా గలగలమన్నాయి. టేబులు మీది లెక్కల పుస్తకంపై ఒక్క పెంకు లేదు. దెబ్బ పక్క గోడ కిటికీ వల్ల తగిలింది. అద్దం పగిలి మా గుమాస్తా మోచెయ్యి చీరుకుపోయింది, ఆరు కుట్లు పడ్డాయి. గోడకు అంత పోసి అద్దాన్ని మరిచిన తెలివి నాదే.

లోపాలూ ఉన్నాయి. నీళ్ల డ్రమ్ము వైపు మూలలో తడి ఆరకముందే కొట్టడంతో బొబ్బలు లేచాయి. కిటికీ ఎండ పడినంత మేర పసుపెక్కింది. పగిలిన చోట మళ్లీ కట్టడానికి పూత కోయడమే ఇద్దరికి రెండు రోజుల పని. క్వారీలో పేల్చినప్పుడల్లా నేల గుండా వచ్చే అదురుకు ఇది మందు కాదు, ఎదురు గోడలో పగుళ్లు అలాగే సాగుతున్నాయి.

కొత్త కంప్రెసర్‌ను నలభై అడుగుల అవతల పెట్టించాను. దానికైన ఖర్చు పూత ఖర్చులో పదో వంతు కూడా లేదు. బావమరిదికి ముందు ఆ లెక్కే చూపించాను.