వార్‌గేమింగ్ టెర్రయిన్‌కి ఎక్స్‌పీఎస్ బోర్డు: ఏ పనికి కొనాలి, దేనికి వద్దు

మేడ మీది వేడి కిందికి దిగకుండా స్లాబుపై పరిచే ఎక్స్‌పీఎస్ (ఎక్స్‌ట్రూడెడ్ పాలీస్టైరీన్) ఫోమ్ బోర్డు ఉంది చూశారూ, టేబుల్ మీద చిన్న చిన్న సైనికుల బొమ్మలతో యుద్ధం ఆడే మినియేచర్ వార్‌గేమింగ్ వాళ్లు టెర్రయిన్‌కి, అంటే ఆట మైదానానికి, కొండలూ కోటగోడలూ చెక్కేది దాంతోనే. సికింద్రాబాద్ రాణిగంజ్ వైపు ఇన్సులేషన్ సామాను అమ్మే షాపుల్లో అడగండి. వాళ్లకి కట్టల లెక్కన అమ్మడమే ఇష్టం. ఒకటి రెండు చాలంటే మొహం మాడ్చుకుంటారు. అంచు నలిగిన షీట్లుంటే ఇమ్మనండి, ఎలాగూ కోసేవే కదా.

మామూలుగా వచ్చే సైజు 1250 × 600 మి.మీ. మూడు పక్కపక్కన పెడితే 1800 × 1250 అవుతుంది, అంటే ఆట ఆడే 6 × 4 అడుగుల టేబుల్‌కి పొడవులో అంగుళం పైచిలుకే తక్కువ. బైక్ మీద తెచ్చేవాళ్లు షాపులోనే సగానికి కోయించుకోవడం మంచిది, గాలికి నిలవదు. మందం 25 మి.మీ. తీసుకోండి. 28 మి.మీ. బొమ్మ దాని వెనక పూర్తిగా దాగదు, రెండు పొరలు వేస్తే దాగుతుంది. 50 మి.మీ. బోర్డు మామూలు కట్టర్‌తో తిన్నగా తెగదు, బ్లేడు లోపల పక్కకి జారుతుంది.

థర్మాకోల్ కంటే రేటు బాగా ఎక్కువే. ఆ డబ్బు ఎక్కడ గిట్టుతుందంటే గీతల్లో. థర్మాకోల్ పూసలు పూసలుగా రాలుతుంది, ఇందులో పూసలుండవు. బాల్‌పెన్‌తో నొక్కి గీస్తే రాతి వరసలు శుభ్రంగా పడతాయి. ముందు పైనున్న నున్నటి పొరను 80 నంబర్ ఎమరీ పేపర్‌తో తీసేయాలి, లేకపోతే టెక్స్‌చర్ ఎక్కదు. తర్వాత నలిపిన అల్యూమినియం ఫాయిల్ ఉండని ఒత్తుతూ దొర్లిస్తే గోల్కొండ గోడ రాయి గరుకు వచ్చేస్తుంది. మన గ్రానైట్ గుండ్లు కావాలంటే మూలలన్నీ గుండ్రంగా రుద్దేసి, అడ్డంగా ఒకటి రెండు పగుళ్లు చాలు. ఎవరి టెర్రయిన్‌లో చూసినా కనిపించే కోసుగా విరిగిన కొండచరియలు ఇక్కడి రాళ్లలా ఉండవు. ముదురు బూడిద రంగు బేస్, దాని మీద లేత బూడిదలో చిటికెడు రెడ్ ఆక్సైడ్ కలిపి డ్రై బ్రష్, అంటే రంగు దాదాపు తుడిచేసిన బ్రష్‌తో పైపైన రాయడం.

పాడయ్యేది మాత్రం ఎక్కువగా జిగురు దగ్గరే. రెండు షీట్ల మధ్య ఫెవికోల్ నిండా పూస్తే అంచుల్లో ఆరుతుంది, మధ్యలో రోజుల తరబడి తెల్లగా, పచ్చిగానే ఉంటుంది. ఈ ఫోమ్ గుండా గాలి ఆడదు మరి. వానాకాలంలో చెప్పనే అక్కర్లేదు. చుక్కలుగా పెట్టి టూత్‌పిక్కులు గుచ్చండి. సాల్వెంట్ ఉన్న రబ్బరు జిగురు ఫోమ్‌నే తినేస్తుంది. హాట్ వైర్ (కరెంటుతో వేడెక్కి ఫోమ్‌ని కోసే తీగ) వాడేవాళ్లు ముందు కోసి, తర్వాతే అతికించాలి. ఆరిన జిగురు పొర దగ్గర తీగ ఆగిపోతే పక్కన ఫోమ్ కరిగి గుంట పడుతుంది. ఆ పొగ మంచిది కాదు, కిటికీలు తెరిచి కోయండి.

ఇక రంగు. స్ప్రే పెయింట్ డబ్బా నేరుగా కొట్టారా, రాయి కాస్తా జల్లెడే. రెండు వంతుల నల్ల అక్రిలిక్‌కి ఒక వంతు ఫెవికోల్, కొద్దిగా నీళ్లు కలిపి బ్రష్‌తో రెండు కోట్లు వేయాలి. గీతల్లోనూ గుంటల్లోనూ ఫోమ్ ఒక్క చుక్క కూడా బయటికి కనిపించకూడదు. నలుపు నలుపుగానే కొనండి. తెల్ల ఎమల్షన్‌లో స్టెయినర్ ఎంత పోసినా బూడిద రంగు దాటదు.

నేలకి రోబో శాండ్ చాలా బాగుంటుంది, కోసుగా ఉండి నలిగిన రాయిలాగే కనిపిస్తుంది. కడిగి ఆరబెట్టాకే చల్లండి, అందులోని రాతి పిండి ఉంటే జిగురు పట్టదు. కింద 3 మి.మీ. ఎండీఎఫ్ (చెక్కపొడి బోర్డు) వేస్తే తడికి వంగుతుంది, వెనక వైపూ ఒక కోటు వేయాలి. 5 మి.మీ. సన్‌బోర్డుకి (పీవీసీ ఫోమ్ షీటు) ఆ బాధ లేదు.

పెద్ద కొండ మొత్తం ఎక్స్‌పీఎస్‌తో కట్టడం దండగ. లోపల ఫ్రిజ్ పెట్టెలో వచ్చిన థర్మాకోల్ కుక్కండి, కనిపించే పై పొరకే ఇది వాడండి.