రిమ్‌ఫైర్ తుపాకులు: ఉంచుకోదగినవేవి, మెచ్చుకుని వదిలేయదగినవేవి

రిమ్‌ఫైర్ తూటాలో నిప్పు పుట్టించే మందు అడుగున మధ్యభాగంలో కాకుండా, చుట్టూ ఉన్న పలుచని ఇత్తడి అంచు మడతలో ఉంటుంది. ఫైరింగ్ పిన్ ఆ అంచును నలిపినప్పుడే తూటా పేలుతుంది. నలగడానికి వీలుగా అంచు పలుచగా ఉండాలి కనుక లోపలి పీడనాన్ని ఎక్కువగా పెంచడం కుదరదు. ఈ జాతి తూటాలు చిన్నవిగా, భుజాన్ని తన్నని మెత్తని స్వభావంతో, మిగతావాటికంటే చవకగా ఉండిపోవడానికి అసలు కారణం అదే. వీటిలో 1887లో వచ్చిన, సుమారు 0.22 అంగుళాల వ్యాసమున్న .22 లాంగ్ రైఫిల్ తూటాదే నేటికీ పైచేయి. అందుకే నా ఎంపికలో అధికభాగం దాని చుట్టూనే తిరుగుతుంది.

ఒక రిమ్‌ఫైర్ తుపాకీ కొనదగినదా కాదా అని తేల్చుకునేటప్పుడు నేను చెక్క నునుపును గానీ, లోహపు మెరుపును గానీ ముందుగా చూడను. ఈ తుపాకులను కొనేది ఎక్కువగా కాల్చడానికి. కనుక తూటాలు పెట్టెలకు పెట్టెలు ఖర్చయ్యాక కూడా మొరాయించకుండా పనిచేయడం, ట్రిగ్గర్ వేలికి స్పష్టంగా తెలియడం, విప్పి శుభ్రం చేసి మళ్లీ బిగించడానికి ఓపిక పరీక్షించకపోవడం నాకు ముఖ్యం. అదనపు మ్యాగజైన్లు (తూటాలు నింపి తుపాకీలో పెట్టే డబ్బాలు) సులువుగా దొరకాలన్నది నాలుగో మాట. చాలామంది దీన్ని కొన్న తరువాత గానీ ఆలోచించరు.

తుపాకీల సంగతికి వెళ్లేముందు తూటా గురించి కొంత చెప్పక తప్పదు, ఎందుకంటే రిమ్‌ఫైర్‌లో గురి సగం తూటాదే. .22 లాంగ్ రైఫిల్‌లో మామూలుగా కనిపించేది 40 గ్రెయిన్ల (సుమారు 2.6 గ్రాముల) సీసపు గుండు. స్టాండర్డ్ వెలాసిటీ రకం సెకనుకు సుమారు 1,070 అడుగుల వేగంతో, అంటే ధ్వనివేగానికి కొంచెం తక్కువగా బయలుదేరుతుంది. హై వెలాసిటీ రకం 1,235 అడుగుల ప్రాంతంలో బయలుదేరి, దారి మధ్యలో ధ్వనివేగం కిందికి జారుతుంది. ఆ జారే దశలో గుండు కాస్త తడబడుతుంది కనుక కాగితం మీద లక్ష్యాన్ని కొట్టేవారు నెమ్మదైన రకాన్నే కోరుకుంటారు. మరోవైపు, కాల్చిన వెంటనే తరువాతి తూటాను తామే లోపలికి ఎక్కించుకునే సెమీ ఆటోమేటిక్ యంత్రాంగాల్లో చాలావాటికి బోల్టును (తూటాను వెనక నుంచి మూసిపట్టే కదిలే లోహ భాగాన్ని) పూర్తిగా వెనక్కు నెట్టడానికి వేగమైన తూటా బలం కావాలి. ఒకే రకం తూటాతో అన్ని తుపాకులనూ తూచి, ఇది మంచిది, అది చెడ్డది అని తీర్పు చెప్పేవారి మాట నేను అంతగా పట్టించుకోకపోవడానికి ఇదే కారణం. ఒకే తయారీలో పక్కపక్కనే పుట్టిన రెండు బ్యారెళ్లు కూడా వేర్వేరు తూటాలను ఇష్టపడటం ఈ రంగంలో నిత్యం కనిపించే విషయమే.

రైఫిళ్లలో నా మొదటి ఓటు చెక్ దేశపు సీజెడ్ 457కు పడుతుంది. ఇది ఒక్కో తూటాను చేత్తో బోల్టు తిప్పి లోపలికి పంపే బోల్ట్ యాక్షన్ రైఫిల్. దీనికి ముందున్న 452, 455 నమూనాలు కూడా గురికి పేరుపడ్డవే గానీ, వాటిలో రెండు చిరాకులు ఉండేవి. సేఫ్టీని వెనక్కు లాగితే కాల్చడానికి సిద్ధమయ్యే ఏర్పాటు ఒకటి. ఇతర రైఫిళ్లకు అలవాటుపడ్డ చేతికి ఇది తలకిందులుగా ఉండేది. బోల్టు పిడి ఎక్కువగా పైకి లేవడం రెండోది. దానివల్ల టెలిస్కోప్‌ను ఎత్తుగా బిగించవలసి వచ్చేది. 457లో సేఫ్టీ ముందుకు నెడితే కాల్చే పద్ధతికి మారింది, బోల్టు 60 డిగ్రీలు లేస్తే చాలు. చెప్పుకోవడానికి ఇవి చిన్న మార్పులే అనిపించవచ్చు, కానీ బోల్టు తిప్పుతున్నప్పుడు బొటనవేలు టెలిస్కోప్‌కు తగలకుండా జారిపోయే ఆ కొద్దిపాటి చోటు విలువ, పూటంతా కూర్చుని కాల్చినవారికి తెలుస్తుంది.

దీని ట్రిగ్గర్ బరువును సర్దుకోవచ్చు, ఆగే చోటు స్పష్టంగా ఉంటుంది. బ్యారెల్‌ను రెండు మరలు పట్టి ఉంచుతాయి, వాటిని వదులుచేసి, ఇంకా వేగమైన రిమ్‌ఫైర్ తూటాలైన .17 హెచ్‌ఎమ్‌ఆర్ లేదా .22 మ్యాగ్నమ్‌కు తగిన బ్యారెల్‌ను అమర్చుకునే వీలుంది. ఇంత వెసులుబాటు ఉన్నా నేను మాత్రం .22 లాంగ్ రైఫిల్ బ్యారెల్‌ను తీయను, ఎందుకంటే మళ్లీ మళ్లీ మార్చితే టెలిస్కోప్ గురిని ప్రతిసారీ కొత్తగా కుదుర్చుకోవాలి. లోపాలు లేకపోలేదు. వెంట వచ్చే మ్యాగజైన్‌లో 5 తూటాలే పడతాయి, పెద్దది విడిగా కొనుక్కోవాలి. బిగువైన చాంబర్ (తూటా కూర్చునే గది) ఉన్న నమూనాల్లో మైనం పూత ఎక్కువగా ఉన్న తూటాను పెట్టినప్పుడు బోల్టును దించేటప్పుడు చివర్లో చిన్న బిగింపు తెలుస్తుంది. అది యంత్రం తప్పు కాదు, గుండు ముందుగానే బ్యారెల్ లోపలి గాడులను తాకుతోందన్న సూచన. మంచి తూటా దొరికితే 50 గజాల దూరంలో ఐదు రంధ్రాలూ అర అంగుళంలో ఇమిడిపోవడం ఈ రైఫిల్‌కు పెద్ద పనేమీ కాదు.

రిమ్‌ఫైర్ రైఫిల్ ఉన్నవారి ఇళ్లలో ఎక్కువగా కనిపించేది మాత్రం ఇది కాదు, 1964లో వచ్చిన రూగర్ 10/22. ఈ సెమీ ఆటోమేటిక్ రైఫిల్ గొప్పదనమంతా అందులోని 10 తూటాల తిరుగుడు మ్యాగజైన్‌లో ఉంది. రిమ్‌ఫైర్ తూటాకు అడుగున అంచు బయటికి పొడుచుకు వచ్చి ఉంటుంది కనుక ఒకదాని మీద ఒకటి పేర్చినప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచు వెనుక ఇరుక్కునే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. తిరుగుడు మ్యాగజైన్‌లో ప్రతి తూటా తన గదిలో తాను ఒంటరిగా కూర్చుంటుంది, బయటికి పంపే పెదవులు లోహంతో చేసినవి. అందుకే ఇది పేచీ పెట్టడం అరుదు. పైగా అది స్టాక్ (భుజానికి ఆనించే పిడి భాగం) అడుగుకు సమంగా ఇమిడిపోతుంది, చేత్తో మోసేటప్పుడు ఏదీ పొడుచుకు రాదు.

అలాగని దీన్ని పెట్టెలోంచి తీసినట్లే వాడి మురిసిపోయేవారిలో నేను లేను. వెంట వచ్చే ట్రిగ్గర్ బరువుగా, కొంచెం గరుకుగా ఉంటుంది. కంపెనీయే అమ్మే మెరుగైన బీఎక్స్ ట్రిగ్గర్‌ను అమర్చాక గానీ రైఫిల్ అసలు సత్తా బయటపడదు. మ్యాగజైన్ ఖాళీ అయ్యాక బోల్టు తనంత తాను వెనక ఆగదు. శుభ్రం చేసేటప్పుడు మరో ఇబ్బంది: చాలా నమూనాల్లో రిసీవర్ (బోల్టు కదిలే లోహపు పెట్టె) వెనుక గోడ మూసి ఉంటుంది కనుక రాడ్‌ను మూతి వైపు నుంచే దూర్చాలి, అజాగ్రత్తగా తోస్తే మూతి అంచు అరిగి గురి చెడుతుంది. బ్యారెల్ గుండా వెనకనుంచి లాగే తాడు రకం బ్రష్ వాడటం మేలు. స్టాక్ మర విప్పి, ట్రిగ్గర్ గుత్తిని పట్టి ఉంచే పిన్నులు తీసినప్పుడు, వెనక ఉండే బోల్ట్ స్టాప్ పిన్ పట్టు లేకుండా జారి నేల మీద పడటం కొత్తవారందరికీ ఎదురయ్యే అనుభవం. కింద తెల్లని గుడ్డ పరుచుకుని విప్పండి. ఇన్ని చెప్పినా దీన్ని జాబితా నుంచి తీయలేను: ఏ భాగం నచ్చకపోయినా మార్చుకోవడానికి ఇన్ని ప్రత్యామ్నాయాలున్న .22 రైఫిల్ ఇంకొకటి లేదు.

ఖర్చు తక్కువలో పాతది కొనాలనుకునేవారికి 1960లో వచ్చిన మార్లిన్ మోడల్ 60 సరైనది. బ్యారెల్ కింది గొట్టంలో తూటాలు నింపాలి కనుక మ్యాగజైన్ పోగొట్టుకునే బెంగ ఉండదు, అయితే నింపడం నిదానం. రెమింగ్టన్ నైలాన్ 66 గురించి ఒక మాట చెప్పి ముందుకు సాగుతాను. 1959లో నైలాన్ స్టాక్‌తో వచ్చిన ఆ రైఫిల్‌తో రెమింగ్టన్ ప్రతినిధి టామ్ ఫ్రై గాలిలోకి విసిరిన లక్షకు పైగా చెక్కముక్కలను కాల్చి ఆరింటిని మాత్రమే గురి తప్పాడు. దాని తయారీ ఎప్పుడో ఆగిపోయింది. దొరికితే చరిత్రగా కొనండి, రోజువారీ వాడకానికి కాదు. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన, రెండు ముక్కలుగా విడిపోయే ఎస్‌ఏ-22 అందానికి సాటిలేదు, ఖాళీ కేసులను (పేలాక మిగిలే ఇత్తడి గొట్టాలను) కిందికి వదులుతుంది కనుక ఎడమచేతి వాటం వారికీ ముఖం మీదికి ఏదీ ఎగరదు. ఆ ఖాళీ కేసులు వేడివేడిగా చొక్కా చేతిలో దూరుతాయన్నది వేరే సంగతి. కింది మీటను ఆడించి తూటా మార్చే లీవర్ రైఫిళ్లలో హెన్రీ హెచ్001 కదలిక ఎంతో నునుపు, పిల్లలకు నేర్పడానికి పెద్దల పర్యవేక్షణలో ఇది హాయిగా ఉంటుంది.

పిస్టళ్ల విషయంలో నా మొగ్గు రూగర్ మార్క్ 4 వైపే, దానికి కారణం దాని పూర్వీకుల చరిత్రలో ఉంది. 1949లో రూగర్ సంస్థ తన మొట్టమొదటి ఉత్పత్తిగా తెచ్చిన స్టాండర్డ్ పిస్టల్ నుంచి మార్క్ 3 వరకు గురిలో, మన్నికలో వంక పెట్టడానికి ఏమీ లేదు. కానీ విప్పిన పిస్టల్‌ను తిరిగి బిగించడం ఒక యాతన. మెయిన్‌స్ప్రింగ్ హౌసింగ్‌ను (ప్రధాన స్ప్రింగ్ ఉండే భాగాన్ని) పిడిలోకి ఎక్కించేటప్పుడు హ్యామర్ (ఫైరింగ్ పిన్‌ను కొట్టే సుత్తి) సరైన స్థితిలో ఉండాలి, హ్యామర్ వెనుక వేలాడే చిన్న కడ్డీ స్ప్రింగ్ గుంటలో సరిగ్గా కూర్చోవాలి. అందుకోసం పిస్టల్‌ను ఒకసారి మూతి పైకి, ఒకసారి కిందికి వంచుతూ, కడ్డీ ఎటు వాలిందో చూపుకు అందని చీకటిలో ఊహించుకోవాలి. సరిగా కూర్చోకపోతే బోల్టు పూర్తిగా వెనక్కు రాదు, మళ్లీ మొదటికి. ఈ బాధకు జడిసి పిస్టల్‌ను శుభ్రం చేయడమే మానుకున్నవారు ఎందరో. 2016లో వచ్చిన మార్క్ 4లో వెనుక ఉన్న ఒక మీట నొక్కితే బ్యారెల్‌తో కూడిన పైభాగం ముందుకు వాలి విడిపోతుంది, బోల్టు చేతిలోకి జారుతుంది. బ్యారెల్‌ను వెనుక నుంచే తుడవవచ్చు. ఇంతకాలం ఈ పని ఎందుకు చేయలేదా అని కోపం కూడా వస్తుంది.

మ్యాగజైన్ తీసేస్తే ట్రిగ్గర్ పనిచేయకుండా ఆపే ఏర్పాటు దీనిలోనూ ఉంది. అది ట్రిగ్గర్ స్పర్శను కొద్దిగా మందగింపజేస్తుందని నాకు అనిపిస్తుంది. పాలిమర్ పిడి ఉన్న 22/45 నమూనా కంటే ఉక్కు పిడి నమూనానే నేను సిఫారసు చేస్తాను. బరువు కాస్త ఎక్కువైతేనే చేయి నిలకడగా ఉంటుంది. 1985 నాటి బ్రౌనింగ్ బక్ మార్క్ ట్రిగ్గర్ పెట్టెలోంచి తీసినప్పుడే దీనికంటే మెరుగు. అయితే దాన్ని విప్పడానికి పైపట్టీ మరలు తీయాలి, అవి కాల్పుల అదురుకు వదులవుతుంటాయి, అప్పుడు గురి కూడా కదులుతుంది. 1957లో వచ్చిన స్మిత్ అండ్ వెస్సన్ మోడల్ 41 వీటన్నిటినీ మించిన లక్ష్యసాధక పిస్టల్, కానీ తూటా విషయంలో దానికి నాజూకు ఎక్కువ. స్టాండర్డ్ వెలాసిటీ తప్ప వేరేది పెట్టనని నిశ్చయించుకున్నవారే కొనాలి. పెద్ద సైనిక పిస్టళ్ల రూపాన్ని అచ్చుగుద్ది, లోపల మెత్తని మిశ్రలోహంతో చేసిన .22 బొమ్మలకు నా జాబితాలో చోటు లేదు.

రివాల్వర్‌కు తూటా వేగంతో పట్టింపు లేదు, పేలని తూటా వస్తే, చివర్లో చెప్పబోయేట్లు అర నిమిషం ఆగి, హ్యామర్‌ను చేత్తో మళ్లీ వెనక్కు లాగితే, లేదా ట్రిగ్గర్ ఒక్కటే హ్యామర్‌ను లాగి వదిలే డబుల్ యాక్షన్ రకంలో ట్రిగ్గర్‌ను మళ్లీ నొక్కితే, తరువాతిది వస్తుంది. రూగర్ సింగిల్ సిక్స్ 1953 నుంచి ఉంది. రెండు సిలిండర్లతో వచ్చే నమూనాలో ఒకటి .22 లాంగ్ రైఫిల్‌కు, మరొకటి .22 మ్యాగ్నమ్‌కు. మ్యాగ్నమ్ కేసు లావు ఎక్కువ కనుక లాంగ్ రైఫిల్ తూటాను ఆ సిలిండర్‌లో పెట్టి కాల్చకూడదు, కేసు ఉబ్బి చీలుతుంది. స్మిత్ అండ్ వెస్సన్ 617 స్టెయిన్‌లెస్ ఉక్కు రివాల్వర్ నాణ్యతలో ఒక మెట్టు పైన ఉన్నా, డబుల్ యాక్షన్‌లో ట్రిగ్గర్ బరువు తప్పదు. అంచును నలిపేందుకు హ్యామర్ గట్టిగా కొట్టాలి మరి. మసి పేరుకుంటే ఖాళీ కేసులు సిలిండర్‌లో అతుక్కుంటాయి. మధ్యమధ్యలో చాంబర్లను బ్రష్‌తో తుడవాలి.

1959 నాటి .22 మ్యాగ్నమ్, 2002 నాటి .17 హెచ్‌ఎమ్‌ఆర్ తూటాల గురించి కొందరు ఊరించి చెబుతారు. 17 గ్రెయిన్ల గుండును సెకనుకు 2,550 అడుగుల వేగంతో పంపే .17 హెచ్‌ఎమ్‌ఆర్ 100 గజాలు దాటినా చదునుగా సాగుతుంది, నిజమే. కానీ గాలికి పక్కకు కొట్టుకుపోతుంది, ఖర్చు ఎక్కువ. రెండో రిమ్‌ఫైర్‌గా తీసుకోవచ్చు, మొదటిదిగా వద్దు.

ఏది కొన్నా తుపాకీ చిన్నదే కదా అని కాపుదలలో ఉదాసీనత పనికిరాదు: ఈ చిన్న గుండు కూడా మైలున్నర దూరం పోగలదు, కాబట్టి వెనుక గుండును ఆపే మట్టిదిబ్బ లేదా గోడ ఉండి తీరాలి. కళ్లకు, చెవులకు రక్షణ, కాల్చాక సీసం అంటిన చేతులు కడగడం, ఎక్కడివారికైనా అక్కడి చట్టం చెప్పే లైసెన్సు సరేసరి. ట్రిగ్గర్ నొక్కాక పేలకపోతే మూతిని లక్ష్యం వైపే ఉంచి అర నిమిషం ఆగండి, ఆ తరువాతే బోల్టు తెరవండి. బయటికి వచ్చిన తూటా అంచు మీద పిన్ గుర్తు బలంగా పడి ఉంటే లోపం తూటాది. మసకగా, లోతు లేకుండా ఉంటే పిన్ అరిగిపోయిందో, లేదా బోల్టు లోపల మసి గడ్డకట్టిందో చూసుకోవాలి. పాత తుపాకీ కొనేటప్పుడు చాంబర్ అంచున పిన్ కొట్టిన గుంట ఉందేమో గోరుతో తడిమి చూడండి. ఖాళీగా పదేపదే ట్రిగ్గర్ నొక్కిన పాత తుపాకుల్లో ఈ గుంట పడుతుంది, అది ఉంటే తూటా సాఫీగా లోపలికి పోదు, ఖాళీ కేసు సాఫీగా బయటికి రాదు.