పేతురు బొంకిన వాకిలి, యూదా పొలం: యెరూషలేములో శిష్యుల అడుగుజాడల వెంట

మన తెలుగు జిల్లాల నుండి పరిశుద్ధ దేశానికి బయలుదేరే బృందాల కార్యక్రమ పట్టికలు దాదాపు ఒకే తీరున ఉంటాయి. బేత్లెహేము, యొర్దాను, గలిలయలో పడవ ప్రయాణం, గొల్గొతా, ఖాళీ సమాధి. ఇవన్నీ తప్పక చూడవలసినవే. అయితే యేసు పట్టుబడిన రాత్రి శిష్యులు నిద్రపోయిన చోటు, చెదిరిపోయిన లోయ, యేసును ఎరుగనని పేతురు బొంకిన వాకిలి, ఆయనను అప్పగించినందుకు యూదా పుచ్చుకున్న సొమ్ముతో కొన్న పొలం మాత్రం మిగిలిన సమయంలో సర్దుకుపోతాయి. యెరూషలేములో ఎక్కువసేపు నిలవవలసినవి ఇవేనని నా అభిప్రాయం. సంఘానికి స్తంభాలుగా ఎంచబడిన మనుష్యుల పిరికితనాన్ని నాలుగు సువార్తలూ దాచకుండా రాశాయి కాబట్టి, ఆ రాతల వెనుక ఉన్న నేలను బస్సు కిటికీలోంచి చూసి రావడం న్యాయం కాదు.

యేసు శిష్యులతో కడరాత్రి భోజనం చేసినదిగా చెప్పే, సీయోను కొండమీది మేడగదితో మొదలుపెట్టాము. నేడు కనిపించే గది మధ్యయుగాల నాటి కట్టడం. 16వ శతాబ్దంలో మసీదుగా మారినందున గోడలో మిహ్రాబు (మక్కా దిక్కును చూపే గూడు) ఇప్పటికీ ఉంది. జనం తాకిడి ఎక్కువ, కూర్చునే వీలు లేదు. మీలో ఒకడు నన్ను అప్పగిస్తాడని యేసు చెప్పగా "నేనా, ప్రభువా?" అని శిష్యులు ఒకరి తరువాత ఒకరు అడిగిన ఘట్టాన్ని అక్కడ చదువుకోవాలనుకునేవారు ఉదయం తలుపులు తెరిచే వేళకే వెళ్ళడం మంచిది.

గెత్సేమనేలో ఎనిమిది ప్రాచీన ఒలీవ చెట్లున్నాయి. గైడులు రెండు వేల ఏళ్ళ మాట చెబుతారు గాని, 2012లో వెలువడిన ఇటలీ శాస్త్రవేత్తల పరిశోధన మూడు చెట్ల మానులకు సుమారు 900 ఏళ్ళ వయసు కట్టింది. దానివల్ల భక్తికి లోటేమీ రాదు. వాస్తుశిల్పి బార్లూజీ రూపకల్పన చేసిన సర్వజనుల దేవాలయం 1924లో ప్రతిష్ఠించబడింది. ఊదారంగు కిటికీల వల్ల పట్టపగలు కూడా లోపల రాత్రివేళ అనిపిస్తుంది. బలిపీఠం ముందు, యేసు ప్రార్థించినదిగా చెప్పే బండ ఉంది. చాలా బృందాలు ఇంతటితో వెనుదిరుగుతాయి. మరియ సమాధి మందిరం పక్క సందులో ఉన్న గుహను మాత్రం వదలకండి. శిష్యులు విశ్రమించినదీ, యూదా ముద్దుపెట్టినదీ అక్కడేనని సంప్రదాయం. ఆ గుహనుండి దేవాలయంలోని బండ వరకు నడిచి చూస్తే, లూకా రాసిన "రాతివేత దూరము" ఎంత తక్కువో కాళ్ళకే తెలుస్తుంది. పిలిస్తే పలికేంత దగ్గరలో గురువు వేదన పడుతుండగా వారు నిద్రపోయారు. దుఃఖంచేత నిద్రపోయారని లూకా ఒక్కడే కనికరించి రాశాడు. మధ్యాహ్నం ద్వారాలు మూసే అలవాటు ఉన్నందున వేళలు ముందే కనుక్కోవాలి.

కెద్రోను లోయ దాటి సీయోను తూర్పు వాలుకు వస్తే, గల్లికాంతులోని పరిశుద్ధ పేతురు దేవాలయం ఉంటుంది. గల్లికాంతు అంటే కోడికూత; కోడి కూయకముందే పేతురు మూడుసార్లు బొంకినది ఇక్కడేనని సంప్రదాయం. ఈ యాత్ర మొత్తంలో నా మనసుకు అన్నిటికంటె దగ్గరైన స్థలం ఇదే. అసంప్షనిస్టు అనే కతోలిక సన్యాస సభవారు కట్టిన ఈ దేవాలయం 1931లో ప్రతిష్ఠించబడింది. కప్పుమీది సిలువపైన బంగారు రంగు కోడిపుంజు దూరానికే కనబడుతుంది. ఇది నిజంగా ప్రధానయాజకుడైన కయప ఇల్లేనా అన్న విషయంలో పురావస్తు పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. అయినా పక్కనే కొండ దిగుతున్న పురాతన రాతిమెట్ల దారి రోమా కాలం నాటిదంటారు కాబట్టి, యేసు, ఆయన వెనుక దూరదూరంగా పేతురు, అలాంటి మెట్లమీదనే నడిచి ఉంటారని ఊహించడం కష్టం కాదు. కింద బండలో తొలిచిన లోతైన గొయ్యి ఉంది. దానికి పైన గుండ్రని రంధ్రం, గోడలమీద పూర్వపు యాత్రికులు గుర్తుగా గీసిన సిలువలు. ఖైదీలను ఆ రంధ్రం గుండానే దించేవారని చెబుతారు. మా పాస్టరుగారు అక్కడ 88వ కీర్తన చదివారు.

బయట ఆవరణలో పేతురు, దాసి, సైనికుడు కలిసి ఉన్న విగ్రహాలున్నాయి. అక్కడ నిలబడి యోహాను 18వ అధ్యాయం చదివితే, మూడో ప్రశ్న అడిగినవాడు, పేతురు ఎవరి చెవి నరికాడో ఆ మల్కుకు బంధువన్న సంగతి మనసుకు గట్టిగా తగులుతుంది. తోటలో కత్తి దూసిన చెయ్యే ఆ వాకిట్లో నిప్పు దగ్గర చలి కాచుకుంది. తెగువలేని మనిషి కాడు పేతురు. గురువు బంధింపబడడానికి తానే ఒప్పుకున్నాక ఆ తెగువ ఎటుపోవాలో తెలియలేదు, అంతే. మాకు టిక్కెట్లు కొన్న యాత్రా సంస్థ ఈ చోటికి ఫొటోలు తీసుకునేంత వ్యవధే ఇచ్చింది. మర్నాడు మాలో కొందరం విడిగా టాక్సీలో మళ్ళీ వెళ్ళవలసి వచ్చింది.

దక్షిణాన హిన్నోము లోయలో ఉన్న అకెల్దమ ఏ పట్టికలోనూ ఉండదు. పరదేశులను పాతిపెట్టడానికి ముప్పది వెండి నాణెములతో కొన్నారని మత్తయి చెప్పిన పొలం ఇదేనని పురాతన సంప్రదాయం. చుట్టూ సమాధి గుహలు, వాటి మధ్య పరిశుద్ధ ఒనూఫ్రియసు పేరిట గ్రీకు ఆర్థడాక్సు మఠం. ఎండ తీవ్రంగా ఉంటుంది, నీడ తక్కువ, దుకాణాలు లేవు. పెద్దలకు ఎగుడుదిగుడు దారి కష్టం. అయినా వెళ్ళండి. ఇద్దరు శిష్యులు ఒకే రాత్రి తప్పిపోతే, ఒకరి పేరిట దేవాలయం లేచింది, మరొకరి పొలం దిక్కులేనివారి శ్మశానమైంది. "నేను పాపము చేసితిని" అని యూదా ప్రధానయాజకుల ముందు ఒప్పుకున్నాడు, "దానితో మాకేమి?" అన్నారు వారు. పశ్చాత్తాపపడినవాడు తప్పు గడపకు వెళ్ళాడన్న బాధ ఆ లోయలో నన్ను వదలలేదు.

బస విషయానికి వస్తే, బృందాలను ఎక్కువగా బేత్లెహేము హోటళ్ళలో దించుతారు. ధర తక్కువ, భోజనంలో అన్నం దొరుకుతుంది. కాని ఉదయం తనిఖీ కేంద్రం దగ్గర గడిచే సమయం యెరూషలేము నుండి కోసుకున్నదే. సొంతంగా వెళ్ళేవారికి పాత పట్టణంలోని ఆస్ట్రియన్ హాస్పిస్ నా మొదటి సలహా. 1863లో యాత్రికుల కోసం తెరిచిన ఆ భవనం మేడపైనుండి పట్టణమంతా కనబడుతుంది. పాత పట్టణపు గోడలోని కొత్త ద్వారం ఎదుట ఉన్న నోత్రదామ్ కేంద్రం మరింత సౌకర్యం, ఖర్చూ ఎక్కువే. 2023 అక్టోబరులో యుద్ధం మొదలైన తరువాత పరిస్థితులు తరచు మారుతున్నందున, డబ్బు కట్టేముందు మన విదేశాంగ శాఖ సూచనలు చూసుకోవడం తప్పనిసరి.

గలిలయ ఒడ్డున తబ్గాలో, నల్లరాతితో 1933లో కట్టిన చిన్న ప్రార్థనాలయం ఉంది. పునరుత్థానుడైన యేసు నిప్పులమీద చేపలు కాల్చి, పేతురును మూడుసార్లు "నన్ను ప్రేమించుచున్నావా?" అని అడిగినది అందులోని బండ దగ్గరనే అంటారు. అక్కడ గంటసేపు ఉండనిచ్చారు, నీళ్ళదాకా దిగనిచ్చారు. కానీ యొర్దాను దేశపు రాజధాని అమ్మానులో మొదలయ్యే యాత్రలు తరచు గలిలయను ముందు చూపి తరువాత యెరూషలేముకు తీసుకువెళతాయి. అప్పుడు బొంకు కంటె ముందే క్షమాపణ చూసినట్టవుతుంది. కైరోలో మొదలై అమ్మానులో ముగిసే యాత్రలూ ఉన్నాయి. వాటిలో గల్లికాంతు ముందు, తబ్గా తరువాత వస్తాయి. బుక్ చేసేటప్పుడు ఆ వరుసనే అడగండి, గల్లికాంతుకు కనీసం రెండు గంటలు ఇస్తామని రాతపూర్వకంగా తీసుకోండి.